బండి ఎందుకు ఆగింది? సింగిల్ లైను మీద చిన్న స్టేషను చేసే పని

“క్రాసింగ్ పడిందట.”

సింగిల్ లైను మీద ప్యాసింజరు బండిలో తిరిగినవాళ్ళకు ఈ మాట కొత్త కాదు. పొలాల మధ్య ఒక చిన్న స్టేషనులో బండి ఆగుతుంది. దిగేవాళ్ళు నలుగురు, ఎక్కేవాళ్ళు ఇద్దరు. నిమిషంలో తేలిపోవలసిన వ్యవహారం. పావుగంట గడిచినా బండి కదలదు. ఒకాయన కిటికీ ఊచలకు చెంప ఆనించి ముందున్న సిగ్నల్ కేసి చూస్తుంటాడు. కొందరు దిగి చెట్టు నీడకు చేరతారు. చివరికి పక్క పట్టాల మీద బొగ్గు నింపుకున్న గూడ్సు ఒకటి, వ్యాగన్లు లెక్కపెట్టుకునేంత తీరిగ్గా వెళ్ళిపోతుంది. ఆ తర్వాత కూడా మన బండి వెంటనే బయలుదేరదు. “మనుషుల్ని కూర్చోబెట్టి బొగ్గును పంపిస్తారా?” అని పెట్టెలో ఎవరో ఒకరు అనకుండా ఉండరు.

అడగవలసిన ప్రశ్నే. జవాబు దొరకాలంటే ముందు ఆ స్టేషను అక్కడ ఎందుకు ఉందో తేల్చుకోవాలి. ఊరుంది కాబట్టి స్టేషను పెట్టారనుకుంటాం. అది సగమే నిజం. పట్టాలు నేల వాలును, వాగులను చూసుకుంటూ వెళతాయి, ఊళ్ళను చూసుకుని కాదు. అందుకే ఊరొకచోట, స్టేషను మరొకచోట ఉండి, పేరు చివర ‘రోడ్డు’ అని తగిలించుకున్న స్టేషన్లు ఇన్ని ఉన్నాయి. శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో దిగితే మనం ఉండేది ఆమదాలవలసలో. సింగిల్ లైను మీదైతే ఇంకో సంగతి కూడా ఉంది. అక్కడ చిన్న స్టేషను మొదటి పని టికెట్లు అమ్మడం కాదు. ఎదురెదురుగా వచ్చే రెండు బండ్లకు, ఒకదానికొకటి దారి ఇచ్చుకోవడానికి చోటు చూపించడం. ప్రయాణికులు ఆ ఏర్పాటును వాడుకుంటున్న అతిథులు మాత్రమే. ఈ మాట కటువుగానే ఉంటుంది గానీ, ఇది పట్టుకుంటే మిగతా చిక్కుముళ్ళు చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

రెండు స్టేషన్ల మధ్య ఉన్న భాగాన్ని రైల్వే భాషలో బ్లాక్ సెక్షన్ అంటారు. పాత పద్ధతిలో నడిచే సింగిల్ లైను మీద, ఒక సెక్షన్లో ఒక్క బండి ఉంటే అది బయటికి వచ్చేదాకా రెండోదానికి ప్రవేశం లేదు, అటునుంచి గానీ ఇటునుంచి గానీ. కాబట్టి ఆ లైను రోజుకు ఎన్ని బండ్లను మోయగలదన్నది సెక్షన్ పొడవును బట్టి తేలుతుంది. దీనికి మన రైల్వేలో చాలాకాలంగా వాడుతున్న లెక్క ఒకటుంది, స్కాట్ సూత్రం అంటారు. రోజుకున్న 1,440 నిమిషాలను, బండి సెక్షన్ దాటడానికి పట్టే సమయానికి అనుమతులు తీసుకునే సమయం కలిపి ఆ మొత్తంతో భాగించాలి. వచ్చినదాంట్లో 70 శాతమే నిజంగా నడపగలం అనుకోవాలి.

వేసి చూద్దాం. స్టేషన్ల మధ్య దూరం 20 కిలోమీటర్లు, బండి సగటున గంటకు 40 కిలోమీటర్లు పోతుందనుకుంటే దాటడానికి 30 నిమిషాలు. అనుమతులకు 5 నిమిషాలు వేసుకుంటే 35. 1,440ని 35తో భాగిస్తే 41. అందులో 70 శాతం అంటే సుమారు 29 బండ్లు, రెండు దిక్కులకూ కలిపి. ఇప్పుడు ఆ 20 కిలోమీటర్లకు నడుమ, ఊరూ వాడా లేని చోట ఒక స్టేషను కడదాం. సెక్షన్ 10 కిలోమీటర్లైంది, దాటడానికి 15 నిమిషాలు, అనుమతులతో 20. రోజుకు 72, అందులో 70 శాతం 50 బండ్లు. ఒక్క టికెట్ కూడా అమ్మని స్టేషను 21 బండ్లను అదనంగా నడపనిచ్చింది. ఒక మెలిక ఉంది. లైనులో మిగతా సెక్షన్లన్నీ ఇలా చిన్నవైనా, ఒక్కటి 20 కిలోమీటర్లుగా మిగిలిపోతే మొత్తం లైను ఆ ఒక్కదాని మాటే వినాలి. సీసా ఎంత లావుగా ఉన్నా నీళ్ళు వచ్చేది మూతి వెడల్పును బట్టే కదా.

కొత్తవలస–కిరండూల్ మార్గం ఈ సంగతికి కళ్ళెదుట ఉన్న సాక్ష్యం. 1960లలో బైలదిల్లా గనుల నుంచి ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడానికి వేసిన లైను అది. తూర్పు కనుమల మీద, సొరంగాల మధ్య, 996 మీటర్ల ఎత్తున శిమిలిగుడ లాంటి స్టేషన్లు ఉన్నాయి. అరకు వెళ్ళే పర్యాటకుడు వాటిని చూసి ‘ఇంత అడవిలో ఎవరెక్కుతారు?’ అనుకుంటాడు. వాటిని కట్టింది కొండ దిగే ఖనిజం బండికి, కొండెక్కే ఖాళీ బండి ఎదురయ్యే చోటు కావాలి కాబట్టి. రోజుకు వచ్చే ప్రయాణికుల బండ్లు అక్కడ వేళ్ళమీద లెక్కపెట్టేటన్నే.

ఖాళీ స్టేషను ముందు కూడా ఆగడం ఎందుకు?

చిన్న స్టేషనులో మామూలుగా ఒక మెయిన్ లైను, దానికి పక్కగా చీలి మళ్ళీ కలిసే ఒకటో రెండో లూప్ లైన్లు ఉంటాయి. లూప్ పొడవు 700 మీటర్ల ప్రాంతంలో ఉంటుంది, 58 వ్యాగన్ల గూడ్సు పట్టేటట్టు. మెయిన్ లైను మీద బండి వేగంగా దూసుకుపోవచ్చు. లూప్‌లోకి మళ్ళాలంటే పాయింట్ల దగ్గర, అంటే పట్టాలు చీలే చోట, గంటకు 30 కిలోమీటర్లకు, పాతరకం పాయింట్లైతే 15కు తగ్గాలి. చాలా స్టేషన్లలో ప్లాట్‌ఫారం లూప్ పక్కనే ఉంటుంది. మెయిన్ లైను ఆగకుండా పోయే బండ్ల కోసం. రెండు ప్యాసింజర్లు ఒకేసారి వచ్చినప్పుడు ఒకదానిలోని వాళ్ళు కంకర మీదికి దిగవలసి వచ్చేది ఇందువల్లే.

ఇప్పుడు మరో సాధారణ ఫిర్యాదు: ‘అవుటర్‌లో ఆపేశారు.’ ఎదురుగా స్టేషను కనిపిస్తూ ఉంటుంది, లోపల ఒక లైను ఖాళీగానే ఉంటుంది, అయినా స్టేషనులోకి రానిచ్చే హోమ్ సిగ్నల్ ఎర్రగా ఉండి బండి బయటే నిలబడుతుంది. స్టేషను మాస్టరు నిద్రపోతున్నాడని అందరూ తీర్మానిస్తారు. జరిగేది వేరు. తూర్పు నుంచి వచ్చే బండి లూప్‌లోకి వచ్చి, అవతలి చివరనున్న స్టార్టర్ సిగ్నల్ ముందు ఆగాలి. బ్రేకు సరిగా పడక కాస్త జారిందనుకోండి. అది వెళ్ళి పడేది సరిగ్గా ఆ అవతలి పాయింట్ల మీద, అంటే పడమటి బండి లోపలికి వచ్చే దారిలో. అందుకని స్టార్టర్ దాటాక కూడా కొంత దూరం ఖాళీగా ఉంచాలని నియమం. రంగు దీపాల సిగ్నళ్ళున్న చోట 120 మీటర్లు, చేయి ఎత్తి దించే పాత రెండు స్థితుల సిగ్నళ్ళున్న చోట 180 మీటర్లు. ఆ కాస్త దూరం పడమటి బండికీ కావాలి. కాబట్టి ఒకటి లోపలికి వచ్చి పూర్తిగా నిలబడ్డాకే రెండోదానికి హోమ్ ఇస్తారు. లూప్ చివర ఇసుక దిబ్బతో ముగిసే మొండి లైను ఉంటే రెండింటినీ ఒకేసారి రానివ్వవచ్చు, జారినది ఇసుకలో కూరుకుంటుంది. అది లేని స్టేషన్లలో ఎవరో ఒకరు బయట ఆగక తప్పదు.

మన పావుగంటలో సగం ఇక్కడే పోయింది. ఎదుటి బండి ఆగకుండా వెళ్ళాలంటే మనం దానికన్నా కొన్ని నిమిషాల ముందే వచ్చి నిలబడి ఉండాలి. మిగతా సగం ఆ బండి వెళ్ళిపోయాక పోతుంది. అదెందుకో చూద్దాం.

చేతికిచ్చే మాట

ఎదురెదురుగా వచ్చే బండ్లు ఢీకొనకుండా చూడటానికి తొలి ఉపాయం చాలా సాదా. ప్రతి సెక్షన్‌కూ ఒక్క కర్ర. ఆ కర్ర చేతిలో ఉన్న డ్రైవరే సెక్షన్లోకి వెళ్ళాలి. కర్ర ఒకటే కాబట్టి బండీ ఒకటే. ఇంతకన్నా భద్రమైనది ఈనాటికీ కష్టమే. చిక్కల్లా, ఒకే దిక్కుకు వరసగా రెండు బండ్లు పంపాలంటే కర్ర అవతలి ఊళ్ళో ఉండిపోతుంది. దాన్ని తప్పించుకోవడానికి కొన్ని కంపెనీలు టెలిగ్రాఫ్ సందేశాల మీద ఆధారపడ్డాయి.

1874 సెప్టెంబరు 10 రాత్రి ఇంగ్లండులో నార్విచ్ దగ్గర థోర్ప్‌లో ఆ పద్ధతి బండారం బయటపడింది. ఎక్స్‌ప్రెస్ ఆలస్యంగా వస్తోంది, ఎదురుగా ఉన్న మెయిల్‌ను ముందు రప్పించుకుందామా అన్న మాట నడిచింది. అధికారి సంతకం చేస్తేనే సందేశం పంపాలి. సంతకం లేకుండానే టెలిగ్రాఫ్ గుమస్తా ‘మెయిల్‌ను పంపండి’ అని కొట్టేశాడు. సందేశం వెళ్ళలేదనుకున్న అధికారి, ఎక్స్‌ప్రెస్ రాగానే దాన్ని సాగనంపాడు. తప్పు తెలిసి ఆపమని మళ్ళీ కొడితే, మెయిల్ బయలుదేరిపోయిందని జవాబు వచ్చింది. రెండు బండ్లు ఒకే లైనులో ఒకదానికొకటి ఎదురుగా పరుగెత్తుతున్నాయని తెలిసినవాళ్ళు రెండు స్టేషన్లలోనూ ఉన్నారు. ఆపే దారే వాళ్ళ చేతిలో లేదు. 25 మంది చనిపోయారు.

నాలుగేళ్ళకు, 1878లో, ఎడ్వర్డ్ టైయర్ అనే ఇంజనీరు విద్యుత్ టాబ్లెట్ యంత్రం తెచ్చాడు. సెక్షన్‌కు రెండు వైపులా రెండు యంత్రాలు. రెంటిలోనూ బిళ్ళలు నిండుగా ఉంటాయి, కానీ రెండింటికీ తీగ ద్వారా ముడి. ఎటునుంచైనా ఒక బిళ్ళ బయటికి తీస్తే రెండు యంత్రాలూ బిగుసుకుపోతాయి. ఆ బిళ్ళ ఏదో ఒక చివర మళ్ళీ లోపలికి వెళితేనే ఇంకొకటి వస్తుంది. అంటే కర్ర భద్రత ఉండనే ఉంది, కర్ర అవతల ఇరుక్కుపోయే బాధ తీరింది. నా మటుకు నాకు పంతొమ్మిదో శతాబ్దపు తెలివితేటల్లో ఇది చాలా ముచ్చటైనది.

మన దేశంలో దీని వంశానికి చెందినదే నీల్స్ బాల్ టోకెన్. బిళ్ళకు బదులు అరచేతిలో ఇమిడే ఉక్కు బంతి, దాని మీద సెక్షన్ పేరు. ఒక సెక్షన్ బంతి పక్క సెక్షన్ యంత్రంలో పట్టదు. దాన్ని తోలు సంచిలో పెట్టి, సంచిని పెద్ద బెత్తపు చక్రానికి కడతారు. పాయింట్స్‌మన్ ఆ చక్రాన్ని ఎత్తి పట్టుకుని నిలబడితే, ఆగని బండి ఇంజన్లోంచి అసిస్టెంటు చేయి చాచి, చక్రంలోకి మోచేతి దాకా దూర్చి లాక్కుంటాడు. అదే క్షణంలో వెనకటి సెక్షన్ చక్రాన్ని కిందికి విసురుతాడు. దాన్ని వెతికి తెచ్చి యంత్రంలో వేసేదాకా వెనక సెక్షన్ ఖాళీ అయినట్టు కాదు.

యంత్రం ఎంత మంచిదైనా చివరికి మనిషి చేతిలోకి రావలసిందే. 1921 జనవరి 26న వేల్స్‌లోని అబర్‌మ్యూల్ అనే చిన్న స్టేషనులో ఏం జరిగిందో చూడండి. యంత్రం ముట్టుకోవలసింది ఇద్దరే, కానీ అలవాటుగా నలుగురూ ముట్టుకునేవారు. ఆ రోజు అసలు స్టేషను మాస్టరు సెలవు, బదులుగా వచ్చిన మనిషి ఉన్నాడు. అతనికి తెలియకుండా మిగతావాళ్ళు ఎదురుగా రావలసిన ఎక్స్‌ప్రెస్‌కు బిళ్ళ ఇప్పించారు. ఇంతలో ఇటునుంచి నెమ్మది బండి వచ్చి ఆగింది. ఒక కుర్ర పోర్టరు డ్రైవరు దగ్గర పాత సెక్షన్ బిళ్ళ తీసుకుని వస్తుంటే ఈ మాస్టరు ఎదురై దాన్ని అందుకున్నాడు. అది ఇక వెళ్ళవలసిన సెక్షన్‌ది అనుకుని, తెచ్చి అదే డ్రైవరుకు అందించాడు. డ్రైవరు ఇందాక ఇచ్చిన బిళ్ళే మళ్ళీ అతని చేతికి వచ్చింది. బిళ్ళ మీద సెక్షన్ పేరు చెక్కే ఉంది. మాస్టరు చదవలేదు, డ్రైవరూ చదవలేదు. ఎదురెదురుగా ఢీకొని 17 మంది పోయారు, వాళ్ళలో ఆ రైల్వే కంపెనీ డైరెక్టరు ఒకడు.

అనుమతినీ సిగ్నల్‌నూ ముడివేయాలన్నది ఆ ప్రమాదం ముందుకు తెచ్చిన విషయాల్లో ముఖ్యమైనది. మన స్టేషన్లలో చివరి స్టార్టర్ సిగ్నల్, ముందున్న స్టేషను ‘లైన్ క్లియర్’, అంటే దారి ఖాళీగా ఉంది, పంపవచ్చు అన్న అనుమతి, ఇస్తే తప్ప పడదు, మాస్టరు మీట నొక్కినా సరే. ఫోనులో మాట్లాడుకునే ముఖ్యమైన మాటలకు ప్రైవేటు నంబరు జతచేయాలి. అది మాస్టరు దగ్గరుండే పట్టీలో ఇష్టమొచ్చినట్టు కలగలిపిన రెండంకెల సంఖ్యల్లో ఒకటి. గేటు వేశానని గేట్‌మన్ చెబితే చాలదు, నంబరు చెప్పాలి, ఇటువైపు రాసుకోవాలి, వాడిన నంబరును కొట్టివేయాలి. పైకి తంతులా కనిపిస్తుంది. థోర్ప్‌లో లేని సంతకం ఆ రెండంకెలే.

ఇప్పుడు మన బండి సంగతి. గూడ్సు వెళ్ళిపోయాక వెంటనే ఎందుకు కదలం? అది వచ్చిన సెక్షన్లోకే మనం పోవాలి. గూడ్సు ‘మొత్తం’ వచ్చేసిందని మాస్టరు రూఢి చేసుకోవాలి. మధ్యలో కొక్కెం తెగి నాలుగు వ్యాగన్లు సెక్షన్లో మిగిలిపోయి ఉంటే? అందుకే ఆఖరి పెట్టె వెనక ‘ఎల్వీ’ (లాస్ట్ వెహికల్, ఆఖరి పెట్టె) అన్న పలక, రాత్రయితే ఎర్రదీపం, ప్రయాణికుల బండికైతే పెద్ద పసుపు గుణకారపు గుర్తు. స్టేషను ముందు పచ్చజెండా పట్టుకుని నిలబడే మనిషి డ్రైవరుకు సెలవిచ్చి ఊరుకోడు. చక్రాల దగ్గర పొగ, వేలాడే ఇనుము, చివరగా ఆ పలక, ఇవన్నీ చూస్తుంటాడు. చాలా చోట్ల ఇప్పుడు ఇరుసులను లెక్కపెట్టే యంత్రాలు వచ్చాయి. సెక్షన్లోకి ఎన్ని ఇరుసులు వెళ్ళాయో అన్నీ బయటికి వస్తేనే ఖాళీ అయినట్టు. అది తేలాక ముందున్న స్టేషనును అడగాలి, అనుమతి రావాలి, పాయింట్లు మార్చి బిగించాలి, అప్పుడు సిగ్నల్.

బొగ్గే ఎందుకు ముందు?

ఎవరు ఆగాలో తేల్చేది చాలావరకు మాస్టరు కాదు. డివిజన్ కేంద్రంలో కూర్చున్న సెక్షన్ కంట్రోలరు. ఆయన ముందుండే చార్టును ఒకసారి ఊహించుకోండి. అడ్డంగా గంటలు, నిలువుగా స్టేషన్లు. ప్రతి బండీ ఒక వాలు గీత. ఇటునుంచి వెళ్ళేవి ఎక్కుతాయి, అటునుంచి వచ్చేవి దిగుతాయి. సింగిల్ లైను చార్టులో ఒకే ఒక్క నియమం: ఎక్కే గీత, దిగే గీత ఎక్కడ కలుసుకున్నా ఆ చోటు ఒక స్టేషను గీత మీదే ఉండాలి. రెండు స్టేషన్ల నడుమ కలిస్తే అది థోర్ప్. ఒకప్పుడు పెన్సిలుతో గీసేవారు, ఇప్పుడు కంప్యూటరు తెర మీద గీతలు పడుతున్నాయి, నియమం మారలేదు.

ఒక బండి 20 నిమిషాలు ఆలస్యమైతే దాని గీత పక్కకు జరుగుతుంది, కలుసుకోవలసిన చోట్లన్నీ కదిలిపోతాయి. అప్పుడు కంట్రోలరు అంచనా వేయాలి: ఈ ప్యాసింజరును ఇక్కడే ఆపాలా, ఇంకో స్టేషను ముందుకు పంపి అక్కడ ఆపాలా? పంపితే పది నిమిషాలు కలిసిరావచ్చు, లెక్క తప్పితే రెండూ దెబ్బతింటాయి. పద్ధతి ప్రకారం ప్రయాణికుల బండికే గూడ్సు మీద మొగ్గు ఉంటుంది. కానీ గూడ్సు అప్పటికే ఎదురు సెక్షన్లోకి వచ్చేసి ఉంటే చేసేదేమీ లేదు. రెండు గూడ్సులను కలిపి ఒకటిగా నడిపే పొడవాటి బండైతే లూప్‌లో అసలు పట్టదు, కాబట్టి పక్కకు తప్పుకోవలసింది పట్టేవాళ్ళే, అంటే మనమే. దాదాపు 5,000 టన్నుల బండిని ఎగుడు మీద ఆపితే మళ్ళీ వేగం అందుకోవడానికి పట్టే సమయం సెక్షన్ మొత్తాన్నీ తింటుంది. కూర్చున్నవాడికి ఇవేవీ కనిపించవు, బొగ్గే కనిపిస్తుంది. ఆ కోపాన్ని నేను తప్పుపట్టను. ప్రకటన చేయడానికి మాస్టరు గదిలో మైకు ఉన్న చోట కూడా, ఎంతసేపు ఆగుతామో రెండు ముక్కలు చెప్పేవాళ్ళు తక్కువ.

ఈ లూప్‌ల లెక్క తప్పితే ఎంత ఘోరమో 2023 జూన్ 2న ఒడిశాలోని బాహానగా బజార్‌లో చూశాం. అక్కడిది జంట లైనే. కోరమండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైను మీద వెళ్ళమని పచ్చ సిగ్నల్ పడింది, పాయింటు మాత్రం లూప్‌కు తిరిగి ఉంది. సిగ్నల్ వైర్లలో జరిగిన మార్పుల లోపం వల్ల ఆ రెండింటి ముడి తెగింది. గంటకు 128 కిలోమీటర్ల వేగంతో వెళ్ళి నిలిచి ఉన్న గూడ్సును ఢీకొంది. 290 మందికి పైగా చనిపోయారు. ఎక్స్‌ప్రెస్‌కు అసలు ఆగే పనే లేని చిన్న స్టేషను అది.

మనం చూసే స్టేషనుకు రైల్వే పుస్తకాల్లో రెండు వేరువేరు పేజీలు ఉంటాయని కూడా గుర్తుంచుకోవాలి. వాణిజ్య శాఖ దాన్ని ఆదాయం, ప్రయాణికుల సంఖ్యను బట్టి చూస్తుంది. 2017లో వచ్చిన వర్గీకరణలో, హాల్టులూ మహానగరాల సబర్బన్ స్టేషన్లూ కానివాటిని ఎన్‌ఎస్‌జీ (నాన్ సబర్బన్ గ్రూప్) 1 నుంచి 6 దాకా విడగొట్టారు. ఏడాదికి కోటి రూపాయల లోపు రాబడి ఉండే చిన్న స్టేషన్లు ఆరో మెట్టు మీద ఉంటాయి. నిర్వహణ శాఖ లెక్క పూర్తిగా వేరు. లైన్ క్లియర్ ఇచ్చే స్టేషన్లను, ఇచ్చే పద్ధతిని బట్టి ఏ, బీ, సీ అంటారు. ఇవ్వనిది డీ. మొదటి పుస్తకంలో అట్టడుగున ఉన్నది రెండో పుస్తకంలో తప్పనిసరి కావచ్చు. టికెట్లు అమ్ముడుపోని స్టేషనులో మూడు షిఫ్టులూ మాస్టర్లు ఎందుకున్నారని అడిగేవారు చదువుతున్నది మొదటి పుస్తకాన్నే.

ఇక్కడే రెండో లైను వేసినప్పుడు జరిగేది ఆసక్తిగా ఉంటుంది. డబ్లింగ్ కోసం చుట్టుపక్కల ఊళ్ళు ఏళ్ళ తరబడి అడుగుతాయి. అది రాగానే క్రాసింగులు పోతాయి, బండ్లు వేగంగా నడుస్తాయి, ఒక్కసారిగా రెట్టింపుకు మించి బండ్లు పడతాయి. కానీ చిన్న స్టేషనును అక్కడ నిలబెట్టిన కారణం కూడా దాంతోపాటే పలచబడుతుంది. క్రాసింగ్ కోసమైనా ఆగే బండి ఇప్పుడు ఆగదు. వెనకొచ్చే వేగపు బండికి దారి ఇవ్వడానికి కొన్ని లూప్‌లు చాలు, ప్రతి పది కిలోమీటర్లకూ అక్కర్లేదు. ఇంకా ముందుకు వెళ్ళి ఆటోమేటిక్ సిగ్నళ్ళు పెడితే, స్టేషన్ల మధ్యే ఒకదాని వెనక ఒకటిగా బండ్లు నడుస్తాయి, లైన్ క్లియర్ ఇవ్వడానికి ప్రతి స్టేషనులో మనిషి అవసరం ఉండదు. అప్పుడు రెండో పుస్తకంలోంచి దాని పేరు కొట్టేస్తారు, మొదటి పుస్తకమొక్కటే మిగులుతుంది. అందులో చూపించుకోవడానికి దానికి పెద్దగా ఏమీ ఉండదు.

అలా మిగిలేది హాల్టు. అక్కడ స్టేషను మాస్టరు ఉండడు, పాయింట్లు ఉండవు, లూప్ ఉండదు, బండిని ఆపే సిగ్నలూ ఉండదు. చాలా హాల్టుల్లో టికెట్లు అమ్మేది కమిషను మీద పనిచేసే స్థానిక మనిషే, బండి వేళకు వచ్చి, అది వెళ్ళగానే గది తాళం వేసుకుని పోతాడు. టైంటేబులులో ఉంది కాబట్టి డ్రైవరు ఆపుతాడు. గార్డు అటూ ఇటూ చూసి పచ్చజెండా ఊపుతాడు. ఎదురుగా ఏ బండీ రాదు, కాబట్టి ఎవరినీ ఏమీ అడగవలసిన పని లేదు. ముప్పై సెకన్లలో బండి కదిలిపోతుంది.